నీలం మీద ఏడు

కాగితపు చక్రం మీద పెన్ను గీత రెండుచోట్ల ఎగిరింది.

ప్రభావతి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. అప్పుడు టైము ఉదయం తొమ్మిదీ పది. సాయంత్రం నాలుగింటికి చిన్నప్పను కోర్టులో హాజరుపరుస్తారు.

"ఇది ఏ వారానిది?"

"శివరాత్రి వారానిది," అంది డాక్టర్ సుభాషిణి. "చిన్నప్ప శనివారం శనివారం మారుస్తాడు. పాతవి పారెయ్యడు. అన్నీ ఆ మేకుకు గుచ్చి ఉంచాడు."

నరసరావుపేటలోని ఆ పరిశోధన కేంద్రంలో మూడు గదులున్నాయి. మూడో గదిలో ఫ్రీజర్ ఉంది. లోపల మైనస్ ఎనభై డిగ్రీలు. తలుపు పక్కన అద్దం వెనక కాగితపు చక్రం వారానికి ఒక చుట్టు తిరుగుతుంది. లోపలి చలి ఎంతో పెన్ను దానిమీద గీస్తూ ఉంటుంది. ఫ్రీజర్‌లో మొదటి విడత అరవైమంది మగవాళ్ల మూత్రం చిన్న సీసాల్లో ఉంది. అందరూ యాభై దాటినవాళ్లు. అచ్చంపేట, దుర్గి, గురజాల, పేట పోలీసు క్వార్టర్స్. నాలుగు క్యాంపులు, క్యాంపుకు పదిహేనుమంది.

సుభాషిణి ఆరేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. ప్రొస్టేట్ గ్రంథిలో కేన్సర్ కణాలుంటే రెండు రకాల ఆర్‌ఎన్‌ఏ ముక్కలు మూత్రంలోకి వస్తాయని ఆమె కనిపెట్టింది. వాటిని లెక్కపెట్టే పరీక్ష తయారు చేసింది. గ్రంథి వాచినా ఈ అంకె పెరగదు. కేన్సర్ ఉంటేనే పెరుగుతుంది. పేర్లు తీసేసి, నంబర్లు మాత్రమే ఉంచి అరవైమందికీ ఫిబ్రవరి ఆఖరి వారంలో పరీక్ష చేసింది. ఆరుగురికి అంకె పెరిగింది. ఆ ఆరుగురికీ గుంటూరులో బయాప్సీ చేశారు. ఒక్కరికీ కేన్సర్ లేదు. వాళ్లలో అచ్చంపేట రైతు త్రికోటేశ్వరరావుకు సూది పడినచోట ఇన్ఫెక్షన్ సోకింది. పదకొండో రోజు చనిపోయాడు. వయసు అరవై మూడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సుధాకర్ కేసు రాశాడు. శివరాత్రి తర్వాతి గురువారం నాలుగు గంటలు కరెంటు పోయింది. టెక్నీషియన్ చిన్నప్ప జనరేటర్ వెయ్యలేదు. శాంపిళ్లు చెడిపోయాయి. తప్పుడు ఫలితం వచ్చింది. మనిషి పోయాడు. నిన్న సాయంత్రం అయిదింటికి చిన్నప్పను తీసుకెళ్లారు. సోమవారం నుంచి పరిశోధన ఆపేస్తున్నామని కేంద్రాన్ని నడిపే ట్రస్టు సుభాషిణికి కాగితం పంపింది. రాత్రి ఆమె, ప్రైవేటుగా కేసులు చూసే ప్రభావతికి ఫోన్ చేసింది.

"గురువారం గీత ఇది," అంది ప్రభావతి. "మైనస్ ఎనభై నుంచి మైనస్ అరవై ఒకటికి వచ్చి మళ్లీ దిగింది. అరవై ఒకటి దగ్గర కరుగుతాయా?"

"కరగవు. ఒకవేళ కరిగినా ఆర్‌ఎన్‌ఏ నాశనమై అంకె తగ్గుతుందండీ, పెరగదు. ఆరుగురికి పెరిగింది. ఈ మాట సీఐగారికి మూడుసార్లు చెప్పాను."

"రెండో గీత ఆదివారానిది. పదకొండూ ముప్పై అయిదు నుంచి పన్నెండూ ఇరవై దాకా. మైనస్ నలభై మూడు. ఆదివారం కరెంటు పోయిందా?"

"లేదు."

"అయితే తలుపు తీశారు. ఒకసారి తీసి మూస్తే ఇంత రాదు. తీస్తూ మూస్తూ ముప్పావుగంట పని చేశారు. ఆ రోజు ఇక్కడెవరున్నారు?"

"శివరాత్రి కదా. మా స్టాఫ్ అంతా కోటప్పకొండకి వెళ్లారు. డాక్టర్ అమర్నాథ్ గారు అక్కడ మెడికల్ క్యాంపులో ఉన్నారు. చిన్నప్పకి ఆ పండగ లేదని అతనికి డ్యూటీ వేశాను."

"క్రైస్తవుడని వేశారు. ఆ రోజు ఆదివారం."

సుభాషిణి మేకుకున్న పాత చక్రాలు సర్దింది.

"తాళాలెన్ని?"

"మూడు. నాది, చిన్నప్పది, అమర్నాథ్ గారిది."

*

అమర్నాథ్ యూరాలజిస్టు. పదిన్నరకు క్లినిక్‌లో పేషెంట్లను ఆపి ప్రభావతిని లోపలికి పిలిచాడు. బల్ల అద్దం కింద ఒక కాగితం ఉంది. సుభాషిణి పరిశోధన అచ్చయిన పత్రికలో మొదటి పేజీ అది. రచయితల పేర్లలో మొదటిది సుభాషిణిది. అమర్నాథ్‌ది అయిదోది.

"ఇది ఇక్కడెందుకు పెట్టుకున్నారు డాక్టరుగారూ?"

"పేషెంట్లు చూస్తారని."

"మీ దగ్గరికి రావాలంటే వాళ్లు నాలుగు పేర్లు దాటాలి."

అతను నవ్వాడు. "మీరు వేలిముద్రల బ్యూరోలో చేశారు కదా. మీకు తెలియాలి. పని చేసేదొకరు, పేరొచ్చేదొకరు."

"తెలుసు."

"అరవైమందినీ చూసింది నేను. ఈ వేలితో. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. గ్రంథి మెత్తగా తగిలితే భయం లేదు, గట్టిగా తగిలితే అనుమానం. ఎవరికుందో వేలే చెప్పేస్తుంది. వేలితో నొక్కాకనే మూత్రం పట్టాలి, లేకపోతే ఆవిడ మెషిన్‌కి ఏమీ కనపడదు. ముందు నా వేలు, తర్వాత ఆవిడ మెషిన్. పేపర్లో తలకిందులు."

"మెషిన్ నెగ్గితే ఇక వేలు అక్కర్లేదా?"

"ఆవిడ అలాగే రాసింది. నాలుగో పేజీలో. చదవండి."

"మీకు పేజీ నంబరుతో సహా గుర్తుంది."

అమర్నాథ్ పేపర్‌వెయిట్ జరిపాడు. మళ్లీ ఉన్నచోటే పెట్టాడు.

"చిన్నప్ప పొరపాటు చేశాడు. అంతే," అన్నాడు. "ఈ కేసులో అంతకంటే ఏమీ లేదు."

"ఆ ఆరుగురి సంగతి మీ వేలు ఏం చెప్పింది?"

"మెత్తగా ఉన్నాయి. ఆరూ."

"బయాప్సీకి పంపేటప్పుడు ఆ మాట ఎవరికైనా చెప్పారా?"

"అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు."

"శివరాత్రి నాడు మీరెక్కడున్నారు?"

"కొండ దగ్గర. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. రిజిస్టర్లో సంతకాలున్నాయి."

"మధ్యలో పేటకి రాలేదా?"

"ఆ రోజు కొండ నుంచి పేటకి ఎవరొస్తారండీ? దారిపొడవునా ప్రభల ఊరేగింపులు. బైకు కూడా కదలదు."

"అంబులెన్స్‌కి దారిస్తారు."

"పేషెంటు ఉంటే ఇస్తారు," అన్నాడు అమర్నాథ్. బెల్ కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఆటో ఎక్కాక ప్రభావతి ఫోన్ తీసి ఒక ఫొటో చూసింది. అంబులెన్స్ లాగ్‌బుక్‌లో శివరాత్రి క్యాంపు నాటి పేజీ అది. క్లినిక్‌కి వచ్చేముందు డ్రైవర్ జానీ ఇంటికి వెళ్లి తీసుకుంది. కొండ దగ్గర బయల్దేరింది పదీ యాభై అయిదు. పేట చేరింది పదకొండూ ఇరవై అయిదు. తిరిగి బయల్దేరింది పన్నెండున్నర. పేషెంటు పేరు రాయాల్సిన గడిలో అడ్డగీత ఉంది.

"డాక్టరుగారొక్కడే ఎక్కాడు మేడమ్," అన్నాడు జానీ అప్పుడు. "సైరన్ ఎయ్యమన్నాడు. ఎనకాల పేషెంటు లేడు సార్ అన్నా. నువ్వు డ్రైవరువా డాక్టరువా అన్నాడు. ఇంకేం అడుగుతా?"

*

సర్కిల్ ఆఫీసులో సుధాకర్ గోడకు ఒక ఫొటో ఉంది. మాచర్ల జంట హత్యల కేసు ఛేదించినందుకు అతను పతకం అందుకుంటున్న ఫొటో. పదకొండేళ్ల కిందటిది. ఆ కేసులో తలుపు గడియ మీద సగం బొటనవేలి ముద్రను పోల్చి హంతకుడి పేరు చెప్పింది ప్రభావతి. మూడు రాత్రులు, నాలుగు వేల కార్డులు. పతకం సిఫారసు కాగితంలో ఆమె పేరు లేదు. రెండేళ్ల తర్వాత ఉద్యోగం వదిలేసింది. ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా ముందు ఆ ఫొటో చూస్తుంది. చూడకూడదని ప్రతిసారీ అనుకునే వస్తుంది.

పన్నెండూ పదికి ఆమె లోపలికి వెళ్లింది. సుధాకర్ కూర్చోమనలేదు.

"ఏంది మేడమ్, ఈసారి మూత్రం సీసాల మీద ఏలిముద్రలా?"

"చిన్నప్పతో పది నిమిషాలు మాట్లాడాలి."

"నాలుగింటికి కోర్టు. ఆ తర్వాత జైల్లో ములాఖత్ పెట్టుకోండి. తీరిగ్గా మాట్లాడొచ్చు."

"ఆదివారం ముప్పావుగంట ఫ్రీజర్ తలుపు తీశారు. చక్రం మీద గీత ఉంది. చూశారా?"

"చక్రాలు, గీతలు నాకెందుకు? కరెంటోళ్లు రాసిచ్చారు, నాలుగు గంటలు పోయిందని. జనరేటర్ వెయ్యలేదని వాడే ఒప్పుకున్నాడు. చానా సింపులు కేసు. మీకు సింపులు కేసు నచ్చదు."

"మాచర్ల కేసు కూడా సింపులేనని పేపర్లకి చెప్పారు మీరు."

సుధాకర్ కుర్చీ వెనక్కి జరిపాడు. "ఇంకా అదేనా? పదకొండేళ్లయింది మేడమ్. ఆ ఫొటో తీసి మీకిచ్చేదా? ఇంటికెళ్లి గోడకి కొట్టుకుంటారా?"

"నా గోడకి మేకు లేదు."

"అసలా పరీక్షే ఒట్టిది. మా క్వార్టర్స్ క్యాంపులో నేనూ ఇచ్చా." సొరుగు లాగి ఒక ఉత్తరం తీసి బల్లమీద పెట్టాడు. తదుపరి పరీక్షలు అవసరం లేదని అందులో ఉంది. "అమర్నాథ్ గారు స్వయంగా చూశాడు. సీఐగారూ, మీది కుర్రాడి ఒళ్లు అన్నాడు. మనకి ఆయన మాట చాలు. మెషిన్లెందుకు?"

"పరీక్ష ఒట్టిదంటున్నారు. ఉత్తరం మాత్రం దాచుకున్నారు."

సుధాకర్ ఉత్తరం సొరుగులో పెట్టి సొరుగు మూశాడు.

"పది నిమిషాలు," అన్నాడు. "కానిస్టేబుల్ పక్కనే ఉంటాడు."

*

చిన్నప్ప బెంచీ మీద చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రభావతి ఎవరిని కలిసినా ముందు వేళ్లు చూస్తుంది. పాత ఉద్యోగం అలవాటు. అతని కుడి బొటనవేలి గోరు పక్కన చర్మం మీద ఆకుపచ్చ మరక ఉంది.

"శివరాత్రి నాడు పదకొండింటికి ఎక్కడున్నావు?"

"డ్యూటీలోనేనమ్మా."

"చిన్నప్పా, ఆ రోజు ఆదివారం."

అతను కానిస్టేబుల్ వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"చర్చికి పోయానమ్మా. పదింటికి తాళమేసి పోయి ఒంటిగంటకొచ్చా. ప్రతి ఆదివారం పోయేదే. మా పాస్టరుగారిని అడగండి, కానుక పళ్లెం పట్టుకుంది నేనే. డ్యూటీ ఎగ్గొట్టానంటే మేడమ్‌గారు ఊరుకోరని చెప్పలా."

"ప్రతి ఆదివారం వెళ్తావని ఎవరికి తెలుసు?"

"మేడమ్‌గారికి తప్ప అందరికీ తెలుసు. అమర్నాథ్ సారు ఎగతాళి చేస్తాడు, మాకోసం కూడా ఒక ప్రార్థన చెయ్యరా అని."

"జనరేటర్ ఎందుకు వెయ్యలేదు?"

"మీటరు చూస్తా కూర్చున్నానమ్మా. యాభై దాకా వస్తే వేద్దామనుకున్నా. అరవై ఒకటి కాడ కరెంటొచ్చింది. ఆ ముక్క సీఐగారికి చెప్పబోతే వేశావా లేదా అన్నాడు. వెయ్యలేదన్నా."

ప్రభావతి అతని బొటనవేలు చూపించింది. "ఇదేంది?"

చిన్నప్ప వేలు మడిచాడు.

"గోళ్ల రంగు. మీ ఇంట్లో ఎవరిది?"

"మా పాప జాస్మిన్‌ది."

"జాస్మిన్ రంగు నీ వేలికెందుకుంది? కోర్టుకింకా మూడున్నర గంటలే టైముంది. ఏదైనా దాస్తే నష్టపోయేది నువ్వే."

కానిస్టేబుల్ వాచీ చూసుకున్నాడు.

"ఈ పనికి రాకముందు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పదకొండేళ్లు చేశానమ్మా," అన్నాడు చిన్నప్ప చివరికి. "టిక్కీకి, అదే మిరపకాయల గోతానికి, చీటీ కడతారు. చెమ్మకి చీటీ ఊడుద్ది. ఎవరి టిక్కీ ఎవరిదో తెలీక రైతులు కొట్టుకుంటారు. అందుకని మేం చీటీని నమ్మం. గోతం మీద రంగేస్తాం. చీటీ పోయినా రంగు పోదు."

"సీసాలకీ వేశావా?"

"అడుగున. మేడమ్‌గారు సీసా మీద గీత కూడా ఉండకూడదన్నారు. ఎవరిదో తెలిస్తే పరీక్ష చెల్లదంట. అయినా చెయ్యి ఊరుకోలా. అచ్చంపేటకి ఎరుపు, దుర్గికి గులాబి, గురజాలకి వంగపండు, పోలీసోళ్లకి నీలం. ఆరాక గుండుసూదితో వరస నంబరు గీకేవోణ్ణి. పోయినవారం రెండో విడత మాచర్ల క్యాంపు చేశాం, అది ఆకుపచ్చ."

"ఎవరూ చూడలేదా?"

"మంచు పట్టుద్ది కదమ్మా. తుడిస్తేనే కనపడిద్ది. అమ్మా, ఈ సంగతి మేడమ్‌గారికి చెప్పొద్దు. ఉద్యోగం పోద్ది."

"చెప్పకపోతే నువ్వే పోతావు," అంది ప్రభావతి.

*

ఒంటిగంటా ముప్పై అయిదుకు మొదలుపెట్టారు. సుభాషిణి చేతికి తొడుగులు వేసుకుని ఒక్కో సీసా తీసి, అడుగు స్పిరిట్ దూదితో తుడిచి, తలకిందులు చేసి పట్టుకుంది. ప్రభావతి భూతద్దంలో చూసి రంగు, అంకె రాసింది. సీసా వెంటనే లోపలికి వెళ్లింది. మొదటి సీసా తుడవగానే ఎరుపు కనిపించింది. సుభాషిణి దాన్ని కాసేపు పట్టుకుని ఉండిపోయింది.

"నా పరిశోధనలో ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు," అంది. "చిన్నప్పని పని నుంచి తీసెయ్యాలి."

"తర్వాత తీసెయ్యండి. ముందు తుడవండి."

సీసా మీద, క్యాంపులో అమర్నాథ్ ఎదుటే అంటించిన స్టిక్కర్ నంబరు ఉంది. నంబరుకు ఎదురుగా పేరు, క్యాంపు, వరస నంబరు సుభాషిణి బీరువాలోని రిజిస్టర్లో ఉన్నాయి. స్టిక్కర్ చెప్పేదీ అడుగున రంగు చెప్పేదీ ఒకటే కావాలి. నలభై ఎనిమిది సీసాలకు ఒకటే అయింది. పన్నెండింటికి కాలేదు.

ఆ పన్నెండూ ఆరు జతలు. ప్రతి జతలోనూ ఒకదాని స్టిక్కర్ రెండోదాని మీద ఉంది. అంకె పెరిగిన ఆరు సీసాలూ ఆ పన్నెండులోనే ఉన్నాయి.

"పరీక్ష తప్పు కాలేదు," అంది సుభాషిణి. "నా అంకెలు సరైనవే. మనుషులు మారారు."

"మార్చినవాడికి ఎవరిని మార్చాలో ముందే తెలుసు," అంది ప్రభావతి. "అరవైమందిలో గట్టిగా తగిలిన ఆరుగురిని, మెత్తగా తగిలిన ఆరుగురిని ఏరాడు. పరీక్ష జరగకముందే. అలా ఏరగలిగినవాడు ఒక్కడే."

సుభాషిణి కుర్చీలో కూర్చుంది. "నా పరీక్ష పోవాలని చేశాడనుకున్నా ఈ ఆరుగురి సంగతేంటండీ? వీళ్లకి ఉండొచ్చని ఆయనకి తెలుసు. ఏమీ లేదని ఉత్తరాలు వెళ్లాయి. వీళ్లంతా పొలాల్లో, ఆఫీసుల్లో తిరుగుతున్నారు."

"పేర్లు చదవండి."

ఆమె చదివింది. దుర్గి శిల్పి ఒకరు. గురజాల రైతులు ఇద్దరు. అచ్చంపేట టీచరు, దుర్గి కిరాణా కొట్టాయన. ఆరో జత దగ్గర ఆగింది.

"తొమ్మిదో నంబరు స్టిక్కర్. రిజిస్టర్ ప్రకారం అచ్చంపేట, మూడు. చనిపోయిన త్రికోటేశ్వరరావుది. అడుగున ఏముందని రాశారు మీరు?"

"నీలం. ఏడు."

సుభాషిణి పేజీ తిప్పింది. పోలీసు క్యాంపులో ఏడో పేరు దగ్గర వేలు పెట్టి ప్రభావతి వైపు తిప్పింది.

గోడ గడియారంలో రెండూ నలభై అయింది.

"ఈయనకి వెంటనే చెప్పాలి," అంది సుభాషిణి.

"నేను చెబుతాను," అంది ప్రభావతి.

సుభాషిణి మిగతా అయిదుగురికి ఫోన్లు చెయ్యడానికి ముందు గదిలోకి వెళ్లింది. ప్రభావతి ఫోన్ బల్లమీద పెట్టింది. నంబరు ఆమెకు నోటికి వచ్చు. చక్రం మీద పెన్ను గీస్తున్న గీతను చూస్తూ కూర్చుంది. గీత ఎక్కడా ఎగరలేదు.

*

మూడూ అయిదుకు సుధాకర్ వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, సీలు వెయ్యడానికి లక్క, గుడ్డ.

"గది సీజ్ చేస్తున్నాం. బయటికి నడవండి మేడమ్. గోళ్ల రంగు కథ మా కానిస్టేబుల్ చెప్పాడు. జడ్జిగారు నవ్వుకుంటాడు."

ప్రభావతి లేచి తను కూర్చున్న కుర్చీని అతని వైపు జరిపింది.

"కూర్చోండి."

"ఎందుకు?"

"కూర్చోండి సుధాకర్ గారూ."

అతను కూర్చోలేదు. ఆమె లాగ్‌బుక్ ఫొటో చూపించింది, చక్రం చూపించింది. పదకొండూ ఇరవై అయిదు, పదకొండూ ముప్పై అయిదు, పన్నెండూ ఇరవై, పన్నెండున్నర. టైములు ఒకదాని పక్కన ఒకటి అతనే చదువుకున్నాడు. తర్వాత ఆమె పన్నెండు సీసాల జాబితా ఇచ్చింది.

"త్రికోటేశ్వరరావుకి ఆ సూది పడాల్సింది కాదు," అంది. "ఆయన సీసాలో ఏమీ లేదు. ఆయన నంబరు ఇంకొకరి సీసాకి అంటించారు. ఆరో జత చూడండి."

సుధాకర్ చూశాడు. నీలం ఏడు అంటే ఎవరని అడగలేదు. క్వార్టర్స్ క్యాంపులో తను ఎవరి వెనక, ఎవరి ముందు నిలబడ్డాడో అతనికి గుర్తుంది. కుర్చీలో కూర్చున్నాడు.

"నాదా?"

"మీదే."

"ఆయన కుర్రాడి ఒళ్లన్నాడు."

"ఆయన వేలికి తెలుసు. తెలిసే మీ సీసా ఏరాడు."

ముందు గది తలుపు దగ్గర సుభాషిణి నిలబడి ఉంది. "ఉందని ఖాయం కాదండీ," అంది. "ఉండొచ్చు. రేపే గుంటూరు వెళ్లండి. త్వరగా పట్టుకుంటే నయమవుతుంది."

"ఎన్ని రోజులు పోయినయ్?"

"శివరాత్రి నుంచి అరవై ఎనిమిది," అంది ప్రభావతి.

సుధాకర్ ఫోన్ తీశాడు. స్టేషన్‌కి చేసి చిన్నప్ప కోర్టు కాగితాలు ఆపమన్నాడు. ఇద్దరిని అమర్నాథ్ క్లినిక్‌కి వెళ్లమన్నాడు. "పేషెంటుని చూస్తా ఉన్నా సరే, లేపండి," అన్నాడు. కానిస్టేబుళ్లను బయటికి పంపాడు. లక్క, గుడ్డ బల్లమీదే ఉండిపోయాయి.

జాబితా మళ్లీ చూశాడు. కింద ప్రభావతి అలవాటుగా టైము వేసి చేసిన సంతకం ఉంది. వేలిముద్రల బ్యూరోలో పోల్చిన ప్రతి కాగితం మీదా అలాగే వేసేది.

"రెండూ నలభై," అని చదివాడు. గడియారం చూశాడు. "నేనొచ్చేసరికి మూడూ అయిదు. నా నంబరు మీ దగ్గరుంది."

"ఉంది."

"ఇరవై అయిదు నిమిషాలు ఏం చేశారు మేడమ్?"

ప్రభావతి అతని కళ్లలోకి చూసింది.

"మీకు ఫోన్ చెయ్యలేదు," అంది.